సత్రం గది నుంచి పాయింట్ల గది దాకా



పోయిన కూటంలో ఒక ప్రశ్న వచ్చింది. ‘మనలో ఇంతమంది దగ్గర హోటలు పాయింట్లు ఊరికే పడి ఉన్నాయి కదా, వాటికి కొంచెం డబ్బు కలిపి సంఘం పనులకు గదులు తీసుకోకూడదా?’ అని. వెనక వరసలోని పెద్దాయన ఒకరు వెంటనే, ‘ఒక రాత్రి పడుకునేదానికి ఇంత పంచాయితీ యాలప్పా? మా కాలంలో సత్రానికి పోయి చాప పరుచుకుంటే అయిపాయె’ అన్నారు. అందరం నవ్వాం. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ రెండు మాటలూ ఒకే కథకు మొదలూ చివరా అనిపించింది. అందుకే ఈ రాత. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మన జూజువాడి దారి మీది ఊరు. ఇటు చెక్‌పోస్టు దాటితే అత్తిబెలె, కర్ణాటక. అటు పోతే హొసూరు, సూళగిరి, క్రిష్ణగిరి. క్రిష్ణగిరిలో చెన్నైకి ఒక దారి, సేలం మీదుగా కన్యాకుమారికి ఒక దారి చీలుతాయి. ఇప్పుడు ఈ రోడ్డు మీద కారులో పోయేవాడికి రాత్రి ఎక్కడ ఆగాలన్న చింత లేదు. కాలినడకన, ఎద్దుబండ్ల మీద పోయిన కాలంలో అదే పెద్ద చింత. పొద్దుగూకేసరికి నీళ్లూ నీడా దొరికే చోటు చేరాలి. దక్షిణాదిన పెద్ద దారుల వెంట, పుణ్యక్షేత్రాల దగ్గర సత్రాలు, చావళ్లు లేచింది అందుకే. ఇంగ్లీషువాళ్లు వాటిని ‘చౌల్ట్రీ’ అన్నారు. ఆ మాటకు మూలం మన ‘చావడి’యే అని నిఘంటువులు రాసినవాళ్లు చెప్పారు.

సత్రం ఎలా నడిచేది? రాజో, జమీందారో, వర్తకుడో కట్టించి, దాని ఖర్చుకు కొంత భూమి మాన్యంగా రాసిచ్చేవారు. ఆ రాబడితో దీపానికి నూనె, కొన్నిచోట్ల పూటకు అన్నం. బాటసారి అద్దె కట్టనక్కర్లేదు. చాలాచోట్ల మూడు రోజులు దాటి ఉండనిచ్చేవారు కాదు. రైళ్లు వచ్చాక సత్రాలు స్టేషన్ల పక్కకు చేరాయి. బెంగళూరు రైల్వే స్టేషను దగ్గర గుబ్బి తోటదప్ప అనే వర్తకుడు కట్టించిన సత్రం పేరు మనలో చాలామంది విన్నదే. అయితే అన్ని సత్రాల తలుపులూ అందరికీ తెరుచుకోలేదన్నది కూడా చెప్పుకోవాలి. కులం అడిగి గది ఇచ్చినవీ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత క్షేత్రాల్లో ఇంకో పద్ధతి పెరిగింది. ఒక్క ధనవంతుడు కట్టించే బదులు, పదిమంది తలా ఒక గదికి విరాళం ఇస్తారు. గది తలుపు పైన దాత పేరు రాతిపలక మీద చెక్కుతారు. దాత ఆ ఊరు వచ్చినప్పుడు ఏడాదికి ఇన్ని రోజులని ఆ గది ఆయనకు ముందు ఇస్తారు, చాలాచోట్ల నిర్వహణకని కొంత రుసుము తీసుకుంటారు. మిగతా రోజులన్నీ అది వేరే యాత్రికులది. గమనించండి: ఎప్పుడో ఇచ్చినదానికి గుర్తింపు కొంత, ఇప్పుడు చేతి నుంచి కట్టేది కొంత. ‘పాయింట్లు ప్లస్ క్యాష్’ అని ఫోనులో కనిపించేదాని ఆకారం మనకు కొత్తేమీ కాదు. కొత్తది వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాం.

పాయింట్ల కథ అమెరికాలో మొదలైంది. 1896లో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే కంపెనీ దుకాణాలకు పచ్చ స్టాంపులు అమ్మడం మొదలుపెట్టింది. సరుకు కొన్నవాళ్లకు దుకాణదారు ఆ స్టాంపులు ఇస్తాడు, వాళ్లు పుస్తకంలో అంటించుకుని, నిండాక వస్తువులు తీసుకుంటారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అదే ఆలోచనను విమానం ఎక్కింది. ఎన్ని మైళ్లు ప్రయాణిస్తే అన్ని మైళ్లు ఖాతాలో జమ. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్లు దాన్ని గదులకు తెచ్చాయి. 1987లో హిల్టన్ కూడా చేరింది.

హోటలువాళ్లకు ఇందులో ఏం లాభం? ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు అమ్ముకోలేరు. ఆ ఖాళీ గదిని ఎరగా పెడితే ఆఫీసు పని మీద తిరిగే మనిషి ప్రతిసారీ వాళ్ల హోటలుకే వస్తాడు. ఇక డబ్బు కలపడం ఎందుకు వచ్చిందంటే, ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే హోటలుకు పోయేవాడి ఖాతాలో ఒక రాత్రికి సరిపడా పాయింట్లు ఎప్పటికీ చేరవు. విసిగి వదిలేస్తాడు. సగం పాయింట్లు, సగం డబ్బు అంటే వాడూ వస్తాడు, గదీ నిండుతుంది, కొంత రొక్కమూ చేతికొస్తుంది. పైగా వాడని పాయింట్లు కంపెనీ లెక్కల్లో అప్పు లాంటివి. అవి తగ్గడం కూడా వాళ్లకు మేలే. 1999లో మొదలైన స్టార్‌వుడ్ పథకం ఈ పాయింట్లు, డబ్బు కలయికకు బాగా పేరు తెచ్చింది. 2017లో హిల్టన్ ఇంకో అడుగు వేసి, ఎన్ని పాయింట్లు, ఎంత డబ్బు అన్నది మనిషే జరుపుకుని ఎంచుకునేలా చేసింది.

మన ఊరికి ఈ సంగతి ఎలా వచ్చిందో మీకు తెలుసు. 1970ల నుంచి సిప్‌కాట్, ఆ వెనకే టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్. చెరుకూ రాగీ పండించిన ఇళ్ల పిల్లలు ఇంజనీర్లై పుణేకీ చెన్నైకీ డ్యూటీ మీద పోయారు. గది అద్దె కంపెనీది, పాయింట్లు పిల్లలవి. టైటాన్ గడియారాలు చేసిన టాటావాళ్లే 2022 ఏప్రిల్‌లో టాటా న్యూ అనే యాప్ తెచ్చారు. కూరగాయలు కొన్నా, తాజ్‌లోనో జింజర్‌లోనో గది తీసుకున్నా న్యూకాయిన్లు వస్తాయి. ఒక కాయిన్ ఒక రూపాయి. లెక్క సులువు. చాలా విదేశీ గొలుసు హోటళ్లలో మాత్రం పాయింటుకు అలా స్థిరమైన వెల లేదు.

ఆ తేడా మాకు పుస్తకంలో తెలియలేదు, అవసరంలో తెలిసింది. ఆ మధ్య మన సభ్యుల ఇంట్లో ఒక పెద్దావిడకు చెన్నైలో ఆపరేషన్ అయింది. కొడుకూ కోడలూ పదకొండు రోజులు అక్కడే ఉండాలి. ఒక పేరున్న గొలుసు హోటలులో మనవాళ్లు నలుగురి ఖాతాల్లో కలిపి 26,000 పాయింట్లు ఉన్నాయి. గది రాత్రికి 12,000. రెండు రాత్రులు ఊరికే వస్తాయి కదా అనుకున్నాం. రాలేదు. నాలుగు ఖాతాలూ ఒకటిగా కలపనివ్వరు. ఒక్కో ఖాతాలో 9,000, 7,000, 6,000, 4,000. ఏదీ ఒంటరిగా చాలదు. డబ్బు కలిపితే ఒకటి రెండు రాత్రులు కుదురుతాయి, కానీ ఖాతాదారే వచ్చి గది తీసుకోవాలన్నారు. రాత్రి తొమ్మిదింటికి జూజువాడి నుంచి చెన్నైకి ఎవరు పోగలరు?

చివరికి ఒకాయన డ్యూటీ మీద చెన్నైలోనే ఉండబట్టి ఒక్క రాత్రి దొరికింది. ఆ రాత్రి గది వెల 6,400 రూపాయలు. 6,000 పాయింట్లు ఇచ్చి 2,800 కట్టాం. మిగిలింది 3,600. అంటే పాయింటుకు 60 పైసలు పలికింది. మొత్తం 12,000 పాయింట్లతో తీసుకుని ఉంటే పాయింటుకు 53 పైసలే. వారం తర్వాత అదే గది 5,000కు దిగింది, 6,000 పాయింట్లతో పాటు 3,200 కట్టమన్నారు. అప్పుడు పాయింటు 30 పైసలే. ఏడు రోజుల్లో విలువ సగం. మిగతా పది రాత్రులకు సంఘం తరఫున చందా పోగుచేసి ఆసుపత్రి వెనక సందులో మామూలు లాడ్జిలో గది పెట్టాం.

ఆ పది రాత్రులు మాకు నేర్పిన చరిత్ర పాఠం ఇది. సత్రంలో దాత పేరు రాతి మీద ఉంటుంది, గదిలో పడుకునేది ముక్కూ మొహం తెలియని మనిషి. పాయింట్లలో పేరూ మనదే, పక్కా మనదే, అవతలివాడికి ఇవ్వబోతే మాకు నిబంధన అడ్డం వచ్చింది. సత్రానికి రాసిచ్చిన మడి చెక్క రాత్రికి రాత్రి సగం కాదు. పాయింటు విలువ మాత్రం ఇచ్చినవాడి చేతిలోనే ఉంటుంది. 2018లో మారియట్, స్టార్‌వుడ్ పథకాలను కలిపేశారు, 2019 నుంచి దాని పేరు బాన్వాయ్. 2022 నుంచి ఏ హోటలుకు ఎన్ని పాయింట్లో చెప్పే స్థిరమైన పట్టికే లేదు. కొన్నవాళ్లను అడిగి మార్చలేదు, అడగాల్సిన పనీ వాళ్లకు లేదు.

అందుకని పాయింట్లు చెడ్డవని మేము అనడం లేదు. వాటిని దాచుకునే సొమ్ము అనుకోవద్దంటున్నాం. గది తీసుకునే ముందు ఒక్క లెక్క వేయండి: మామూలు వెలలోంచి మీరు కట్టే డబ్బు తీసేసి, మిగిలినదాన్ని ఇచ్చే పాయింట్లతో భాగించండి. మామూలు వెలలో పన్ను కలిసిందో లేదో చూసుకోండి. రద్దు చేసుకుంటే డబ్బు డబ్బుగా తిరిగొస్తుందా, పాయింట్లుగానా అన్నది ముందే చదవండి.

ఇక కూటంలో వచ్చిన ప్రశ్నకు మా జవాబు. సంఘం పనులకు పాయింట్లు పోగు చేయొద్దు. మీ పాయింట్లు మీ సొంత ప్రయాణానికే, మీ పేరు మీదే, తొందరగా వాడుకోండి. అలా మిగిలిన రూపాయల్లో మీకు తోచినంత సంఘంలో ‘గది నిధి’ అని వేరే పెడదాం. 3,600 మిగిలినవారు 500 ఇచ్చినా చాలు. ఆసుపత్రికో, పరీక్షకో, చావుకో వేరే ఊరు పోవాల్సి వచ్చిన మనవాళ్లకు ఆ రాత్రి గది అద్దె ఆ నిధి కడుతుంది. ఎవరు ఇచ్చారో పడుకునేవారికి తెలియనక్కర్లేదు.

పెద్దాయన చెప్పిన సత్రాన్ని మళ్లీ కట్టే స్థోమత మనకు లేదు. చాప పరిచేంత చోటైనా చూపిద్దాం. వచ్చే కూటంలో దీని మీద మాట్లాడుకుందాం, అందరూ రండి.