అగ్రరాజ్యం కూలినప్పుడు

విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికే సోవియట్ పుస్తకాలు చదువుతూ పెరిగినదాన్ని నేను. ట్రాక్టర్లు నడిపే ఆడవాళ్ళూ, 1963లో అంతరిక్షంలోకి వెళ్ళిన వాలెంటీనా తెరిష్కోవా చాలాకాలం నా ఊహల్లో తిరిగారు. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయినప్పుడు సొంత ఇల్లు కూలినట్టనిపించింది.

తర్వాత ఆ పతనం గురించి చాలా చదివాను. ఆయుధపోటీ, 1986లో పడిపోయిన చమురు ధర, పదేళ్ళ ఆఫ్ఘనిస్తాన్ యుద్ధం, రిపబ్లిక్కుల జాతీయోద్యమాలు... కారణాలన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళే కనపడలేదు. వాళ్ళని వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాను.

1919లో పార్టీలో ఏర్పడిన మహిళా విభాగాన్ని, స్త్రీ సమస్య ఇక తీరిపోయిందంటూ 1930లో మూసేశారు. 1920లో ఇచ్చిన గర్భస్రావం హక్కుని 1936లో లాగేసుకుని, 1955లో మళ్ళీ ఇచ్చారు. ఇచ్చిందీ పైవాళ్ళే, తీసుకున్నదీ పైవాళ్ళే. 1984లో ఎన్నికైన సుప్రీం సోవియట్‌లో దాదాపు మూడోవంతు స్త్రీలు. కానీ అసలు నిర్ణయాలు జరిగేది పార్టీ అత్యున్నత కమిటీలో. అక్కడ 1957లో యెకతెరీనా ఫుర్త్సెవా పూర్తి సభ్యురాలయ్యాక, మరో స్త్రీకి ఆ స్థానం దక్కడానికి 1990 దాకా పట్టింది.

1987లో గోర్బచేవ్ తన ‘పెరిస్త్రోయికా’ పుస్తకంలో, స్త్రీలు తిరిగి తమ ‘స్త్రీ సహజమైన’ బాధ్యతల్లోకి వెళ్ళడం గురించి ప్రస్తావించాడు. 1989లో చాలా దశాబ్దాల తర్వాత పోటీ ఎన్నికలు జరిగాయి. కొత్త ప్రజా ప్రతినిధుల కాంగ్రెస్‌లో స్త్రీలు సుమారు 16 శాతానికి పడిపోయారు. రాజ్యం పట్టు సడలగానే అలంకారానికి వేసిన కుర్చీలే ముందు ఖాళీ అయ్యాయి.

కానీ అదే 1989లో సైనికుల తల్లులు సొంతంగా కమిటీ పెట్టుకున్నారు. ఆఫ్ఘనిస్తాన్ నుంచి సీలు వేసిన జింకు పెట్టెల్లో కొడుకుల శవాలు ఇంటికొచ్చిన దేశమది. యుద్ధం లేనిచోట కూడా బారకాసుల్లో పిల్లలెందుకు చస్తున్నారని వాళ్ళు సైన్యాన్ని నిలదీశారు. 1991లో దుబ్నాలో స్వతంత్ర మహిళా వేదిక సమావేశమై, స్త్రీలు లేని ప్రజాస్వామ్యం ప్రజాస్వామ్యమే కాదంది. వీటిని పైనుంచి ఎవరూ ప్రసాదించలేదు. అందుకే దేశం పోయినా ఆ తల్లుల కమిటీ పోలేదు. 1995లో చెచెన్యా యుద్ధంలోకి నడిచి వెళ్ళి కొడుకుల్ని వెతుక్కున్నారు.

2023లో మన పార్లమెంటు చట్టసభల్లో స్త్రీలకి మూడోవంతు కేటాయిస్తూ చట్టం చేసింది. ఆ మూడోవంతు మనకి కావలసిందే. అయితే 1984 నాటి ఆ మరో మూడోవంతు నన్ను వదలడంలేదు. కుర్చీలో కూర్చున్న స్త్రీ వెనక స్త్రీలు నిలబడి ఉన్నారా, లేక ఇచ్చినవాడొక్కడే ఉన్నాడా? అధికారాలు చేతులు మారే ప్రతి కాలంలోనూ మన హక్కులు మిగులుతాయా లేదా అన్నది ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది.