దూరము తగ్గిన వేగమెంత పెరుగును?

మండవల్లి ప్రాంతమున చేలగట్ల వెంట నడచినవారికి పంటబోదె దూకుటలోని కష్టము తెలియును. దూకుటకు ముందు అడుగు సరిచూచుకొనవలెను. దూకిన పిదప మరల నడక కుదుర్చుకొనవలెను. స్టీపుల్‌చేజ్ పందెములోని కష్టమును ఇదియే.

ఈ పందెము పుట్టినది పల్లెదారులలోనే. 1752లో ఐర్లండునందు ఇద్దరు రౌతులు దూరమున కనబడు చర్చి శిఖరమును గురిగా పెట్టుకొని, కంచెలను, వాగులను దాటుచు గుఱ్ఱములను పరుగెత్తించిరని చెప్పుదురు. పందెమునకు ఆ శిఖరము పేరే నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆక్స్‌ఫర్డు విద్యార్థులు దీనిని మనుష్యుల పరుగుపందెముగా మార్చిరి.

చాలకాలము దీనికి స్థిరమైన దూరము లేదు. 1900 పారిస్ ఒలింపిక్సులో రెండు పందెములు జరిగినవి. కెనడావాసి జార్జి ఆర్టన్ 2,500 మీటర్లను 7 నిమిషముల 34.4 సెకన్లలోను, బ్రిటనుకు చెందిన జాన్ రిమ్మర్ 4,000 మీటర్లను 12 నిమిషముల 58.4 సెకన్లలోను ముగించి గెలిచిరి. కిలోమీటరుకు లెక్కించినచో చిన్న పందెమున సుమారు 13 సెకన్లు ఆదా అయినవి. 1920 ఒలింపిక్సు నుండి 3,000 మీటర్ల దూరము వాడుకలోనికి వచ్చినది.

అయినను 1932లో లాస్ ఏంజెలిస్‌నందు చుట్ల లెక్క తప్పి, పోటీదారులు ఒక చుట్టు అదనముగా పరుగెత్తిరి. ఫిన్లండు వీరుడు వోల్మరి ఇసో-హోలో ఎట్లును గెలిచెను. కాని 3,000 మీటర్లు ముగియునప్పటికి రెండవ స్థానమున నున్న అమెరికను జో మెక్‌క్లస్కీని, ఆ అదనపు చుట్టులో బ్రిటనుకు చెందిన టామ్ ఎవెన్సన్ దాటెను. ఒక్క చుట్టుతో రజతపతకము చేతులు మారినది.

మరి దూరము తగ్గించినచో మేటి పరుగువీరులు ఎంత వేగముగా పోగలరు? ఒకే మనిషి రెండు కాలములను పోల్చి చూతము. ఫ్రాన్సు దేశీయుడు మహియెద్దీన్ మెఖిస్సీ 2010లో రీమ్స్ నగరమున 2,000 మీటర్లను 5 నిమిషముల 10.68 సెకన్లలో ముగించెను. 2013లో 3,000 మీటర్లకు 8 నిమిషముల 0.09 సెకను పట్టినది. అనగా కిలోమీటరుకు మొదటిదానిలో 155.3 సెకన్లు, రెండవదానిలో 160. మూడవవంతు దూరము తగ్గినను కలిసివచ్చినది ఐదు సెకన్లకు లోపే.

కారణము సులభము. 3,000 మీటర్లలో 28 కంచెలు, 7 నీటిగుంటలు. 2,000 మీటర్లలో 18 కంచెలు, 5 నీటిగుంటలు. ఎందులోనైనను కిలోమీటరుకు దాదాపు పన్నెండు సార్లు దూకక తప్పదు.

ఇదే పాళ్ళలో చూచినచో, 2023లో 3,000 మీటర్లను 7 నిమిషముల 52.11 సెకన్లలో పరుగెత్తిన ఇథియోపియా వీరుడు లమేచా గిర్మ 2,000 మీటర్లను సుమారు 5 నిమిషముల 5 సెకన్లలోను, 2024లో 8 నిమిషముల 9.91 సెకన్లు సాధించిన మన అవినాష్ సాబ్లే సుమారు 5 నిమిషముల 17 సెకన్లలోను ముగింపవచ్చును. ఇవి మనము కట్టిన లెక్కలే కాని పందెములో నమోదైన కాలములు కావు.

బాలుర పోటీలలో తరచు 2,000 మీటర్ల పందెమునే పెట్టుదురు. దూరము తక్కువ గదాయని పిల్లలను చదునునేలమీద మాత్రమే పరుగెత్తించి పందెమునకు పంపుట వారికి మేలు చేయదు. పాఠశాల మైదానమున వారికి ముందు కంచె దూకుటను నేర్పవలెను.