స్టీవ్ కార్ల్‌టన్ 1972 సీజన్

స్టీవ్ కార్ల్‌టన్ (జననం: 1944 డిసెంబరు 22, మయామి, ఫ్లోరిడా) అమెరికాకు చెందిన ఎడమచేతివాటం బేస్‌బాల్ పిచర్. 1972లో ఇతడు ఫిలడెల్ఫియా ఫిల్లీస్ తరఫున ఆడి 27 విజయాలు సాధించాడు. ఆ సంవత్సరం ఆ జట్టు మొత్తం గెలిచినవి 59 ఆటలే. జట్టు విజయాలలో 45.8 శాతం ఒక్క పిచర్ పేరిట నమోదు కావడం 1900 తరువాతి మేజర్ లీగ్ చరిత్రలో రికార్డు. అంతకుముందు 1908లో చికాగో వైట్ సాక్స్ పిచర్ ఎడ్ వాల్ష్ జట్టు గెలిచిన 88 ఆటలలో 40 విజయాలు (45.5 శాతం) పొందాడు.

గెలుపు ఓటముల లెక్క

క్రికెట్‌లో బౌలర్ వలె బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడిని పిచర్ అంటారు. ఆట ముగిసినపుడు గెలుపును గెలిచిన జట్టు పిచర్లలో ఒకరి పేరిట, ఓటమిని ఓడిన జట్టు పిచర్లలో ఒకరి పేరిట నమోదు చేస్తారు. పిచర్ ఎంత బాగా విసిరినా, సహచరులు పరుగులు చేయకపోతే అతనికి విజయం దక్కదు. అందువలన బలహీనమైన జట్టులోని పిచర్‌కు ఎక్కువ విజయాలు రావడం అరుదు.

నేపథ్యం

కార్ల్‌టన్ అంతకుముందు సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో ఉండేవాడు. జీతం విషయంలో యాజమాన్యంతో విభేదం రావడంతో, 1972 ఫిబ్రవరిలో ఆ జట్టు రిక్ వైజ్ అనే పిచర్‌ను తీసుకొని ఇతడిని ఫిల్లీస్‌కు ఇచ్చివేసింది. ఆ ఏప్రిల్‌లో ఆటగాళ్ళ సమ్మె వలన సీజన్ ఆలస్యంగా మొదలైంది. రద్దయిన ఆటలను తిరిగి నిర్వహించకపోవడంతో ఫిల్లీస్ 162కు బదులు 156 ఆటలే ఆడింది. వాటిలో 97 ఓడి, నేషనల్ లీగ్ తూర్పు విభాగంలోని ఆరు జట్లలో చివరి స్థానంలో నిలిచింది.

గణాంకాలు

కార్ల్‌టన్ 41 ఆటలను ప్రారంభించి, 30 ఆటలలో చివరివరకు తానే బంతులు విసిరాడు. మొత్తం 346⅓ ఇన్నింగ్సులలో 310 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అనగా ఇతడు విసిరిన ఇన్నింగ్సులలోని ప్రతి పది అవుట్లలో దాదాపు మూడు స్ట్రైకౌట్లే. ఫీల్డర్ల పొరపాట్ల వలన వచ్చిన పరుగులను మినహాయిస్తే, తొమ్మిది ఇన్నింగ్సులకు ఇతడిచ్చిన పరుగుల సగటు 1.97. విజయాలు, స్ట్రైకౌట్లు, పరుగుల సగటు - ఈ మూడింటిలోనూ నేషనల్ లీగ్‌లో ఇతడిదే ప్రథమ స్థానం.

సీజన్ ఆరంభంలో ఇతడు వరుసగా ఐదు ఆటలు ఓడి, 5 గెలుపులు, 6 ఓటములతో ఉన్నాడు. ఆ తరువాత జూన్ 7 నుండి ఆగస్టు 17 వరకు వరుసగా 15 విజయాలు పొందాడు. ఆగస్టు 21న అట్లాంటా బ్రేవ్స్‌తో 11 ఇన్నింగ్సులు సాగిన ఆటలో 2-1 తేడాతో ఓడిపోవడంతో ఆ పరంపర ముగిసింది. సీజన్ చివరికి ఇతడి లెక్క 27 గెలుపులు, 10 ఓటములు. జట్టులోని మిగిలిన పిచర్లందరి లెక్క కలిపి 32 గెలుపులు, 87 ఓటములు. ఆ సంవత్సరం నేషనల్ లీగ్ ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం ఇతడికి ఏకగ్రీవంగా లభించింది.

తరువాతి కాలం

1973లో ఫిల్లీస్ 162 ఆటలలో 71 గెలిచి కొంత మెరుగుపడినా, మళ్ళీ చివరి స్థానంలోనే నిలిచింది. కార్ల్‌టన్ పరుగుల సగటు 3.90కి పెరిగింది, అతడు 13 ఆటలు గెలిచి 20 ఓడిపోయాడు. అయితే 1977, 1980, 1982 సంవత్సరాలలో సై యంగ్ పురస్కారాన్ని మళ్ళీ అందుకున్నాడు. మొత్తం 329 విజయాలు, 4,136 స్ట్రైకౌట్లు సాధించి, 1994లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు.

ఒకే సీజన్‌లో 300 ఇన్నింగ్సులు విసిరిన చివరి పిచర్ కూడా ఇతడే (1980). నేటి జట్లు ఒక్కొక్క ఆటలో పలువురు పిచర్లను వినియోగిస్తున్నందున, 1972 నాటి నిష్పత్తిని మరొకరు అధిగమించే అవకాశం చాలా తక్కువ.