క్లోరోఫాం పరీక్షల నుంచి పసిగుండె లయ దాకా

పిల్లల గుండె లయ కథను హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్ నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1848 జనవరిలో ఇంగ్లండులో 15 ఏళ్ల హన్నా గ్రీనర్‌కు కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. భయంతో ఏడుస్తూనే మత్తు పీల్చిన ఆ పిల్ల కొన్ని నిమిషాల్లోనే చనిపోయింది. మత్తులో ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఈ వాదన దశాబ్దాలు సాగింది.

దాన్ని తేల్చేద్దామని హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో అఫ్జల్‌గంజ్‌లో క్లోరోఫాం కమిషన్ వేశాడు. ఊపిరే ముందు ఆగుతుందని తేల్చాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి ఆ పత్రిక తరఫు మనిషినే రప్పించాడు. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్ కూడా వందల కుక్కల మీద, కోతుల మీద పరీక్షలు చూశాక లారీ మాటే ఒప్పుకున్నాడు. ఇక్కడి వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాత మత్తు వైద్యంలో పేరు తెచ్చుకుంది.

ఊపిరి మీద కన్నేసి ఉంచమన్న లారీ సలహా మంచిదే. కానీ గుండెకు ముప్పే లేదన్న మాట తప్పు. ఆ పరీక్షల్లో ఎక్కువగా చూసింది మోతాదు మించిన మత్తునే. గుండె వణికిపోయేది తేలిక మత్తులో, భయంతో అడ్రినలిన్ ఎగసినప్పుడు. వైద్యుడు గుడ్‌మన్ లెవీ 1911లో పిల్లుల మీద పరీక్షలతో దీన్ని చూపించాడు. హన్నా స్థితి దాదాపు అదే.

వణికే గుండెను మళ్లీ దారిలో పెట్టొచ్చని 1947లో క్లీవ్‌లాండ్‌లో సర్జన్ క్లాడ్ బెక్ రుజువు చేశాడు. ఆపరేషన్ బల్లమీద ఉన్న 14 ఏళ్ల బాలుడి గుండెకు నేరుగా షాక్ ఇచ్చి బతికించాడు. గుండె ఆపరేషన్ తర్వాత లయ మందగించిన పిల్లలకు అప్పటి పేస్‌మేకర్ గోడ ప్లగ్గుకు కట్టి ఉండేది. 1957 అక్టోబరు 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. అక్కడి గుండె సర్జన్ లిల్లెహై కోరగా ఇంజనీరు ఎర్ల్ బాకెన్ కొన్ని వారాల్లోనే బ్యాటరీతో నడిచేది తయారుచేశాడు.

మరీ వేగంగా కొట్టుకునే గుండెకు వైద్యం వేరు. నిమిషానికి 220 దాటి పరుగెత్తే పసిగుండెను నెమ్మదింపజేయడానికి డాక్టర్లు బిడ్డ ముఖం మీద కొన్ని క్షణాలు ఐసు సంచి పెట్టి చూస్తారు, లొంగకపోతే అడినోసిన్ మందు ఎక్కిస్తారు. పెద్ద పిల్లలకైతే గజ్జల రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, దారితప్పిన విద్యుత్తు తోవను వేడితో మూసేస్తారు. 15 కిలోల లోపు పసివాళ్లలో మాత్రం ఈ పనికి తొందరపడరు; చాలామందికి ఏడాది నిండేసరికి ఆ దడ దానంతటదే తగ్గుతుంది, అందాకా మందులతో కాస్తారు.