విశాఖ రేవు టగ్గులు

మా వన్‌టౌన్‌కి రేవు ముఖద్వారం ఎంతో దూరం లేదు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరాన చర్చి, దర్గా, గుడి వెలసిన మూడు చిన్న కొండలు, నడుమ సన్నటి కాలువ. లోపలి రేవుకి ఓడలొచ్చే దారి అదే. సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసుకి సముద్రపు దారి కావాలని చిత్తడి నేలలు తవ్వి ఈ రేవు కట్టారు. కాలువని కాపాడటానికి రెండు పాత ఓడలను ముంచి అలలకి అడ్డుకట్ట వేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. ఇదంతా మా ఊరి చరిత్రలో ఉంది. ఓడలను గట్టుకి చేర్చే టగ్గుల గురించి మాత్రం అందులో దాదాపు ఏమీ లేదు.

చుక్కానికి నీళ్లు జోరుగా తగిలితేనే ఓడ తిరుగుతుంది. ఇరుకు కాలువలో ఆ జోరు పనికిరాదు. నెమ్మదిస్తే చుక్కాని పట్టు పోతుంది, పక్కగాలి వీస్తే ఓడ గట్టు వైపు జరిగిపోతుంది. అందుకే దారి చూపే రేవు పైలట్ ఓడెక్కగానే టగ్గులు ముందూ వెనకా చేరతాయి. ఓడ మీంచి సన్నతాడు విసురుతారు. దానికి టగ్గు మోకు కట్టి పైకి లాగి బిగిస్తారు. ఆపైన వైర్‌లెస్‌లో పైలట్ ఆజ్ఞలే: లాగు, ఆపు, నెట్టు.

టగ్గు చూడటానికి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ముక్కుకీ పక్కలకీ మందపాటి రబ్బరు, పాత టైర్లు. నాలుగు వైపులా కనిపించేలా పైన అద్దాల గది. ఒళ్లంతా ఇంజిన్లే అనొచ్చు. ఇప్పటి టగ్గుల్లో చాలావాటికి చుట్టూ తిరిగే రెండు ప్రొపెల్లర్లుంటాయి కాబట్టి ఎటు కావాలంటే అటు లాగగలవు. పాతకాలపు టగ్గుకి ఆ వీలు లేదు. మోకు అడ్డంగా లాగిందంటే క్షణాల్లో బోల్తా పడే ప్రమాదం ఉండేది. కొక్కెం వదిలేసే పిడి దగ్గర మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉండాల్సిందే.

ఆ మనుషులే అసలు చరిత్ర. నడిపించే మాస్టరు, డెక్కు పని చేయించే సరంగు, మోకులు పట్టే లస్కర్లు, కింద వేడిలో, హోరులో ఇంజిన్ డ్రైవర్లు, గ్రీజర్లు. బిగిసిన మోకు తెగితే కాళ్లు విరిచేస్తుంది. దాని దారిలో నిలబడొద్దన్నది కొత్త లస్కరుకి సరంగు నేర్పే మొదటి పాఠం. ఓడలు రాత్రీ పగలూ చూసి రావు. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుండగా పిలుపొస్తే మంట ఆర్పి డెక్కు మీదకి పరిగెత్తాలి, ఓడ కట్టేశాకే అన్నం.

1976లో బయటి రేవు మొదలయ్యాక ఇంకా పెద్ద ఓడలొచ్చాయి. అక్కడ ఒకటి రెండు టగ్గులు చాలవు. తుపాను ముంచుకొస్తే ఓడలను సముద్రంలోకి పంపేస్తారు. అలలు లేస్తున్న వేళ వాటిని గట్టు నుంచి విడదీసి బయటికి సాగనంపేదీ టగ్గులే.

2033కి ఈ రేవుకి నూరేళ్లు. అప్పటికి వెలువడే పుస్తకాల్లో రేవుని ప్రారంభించిన వైస్రాయ్ విల్లింగ్‌డన్ పేరూ, జలదుర్గ పేరూ తప్పక ఉంటాయి. వాటి పక్కన టగ్గుల పేర్లు, సరంగుల పేర్లు కూడా ఉండాలి. పదవీ విరమణ చేసిన లస్కర్లు, డ్రైవర్లు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయాలి, పాత లాగ్‌బుక్కులు చెదలు పట్టకముందే దాచాలి. ఆ పని ఊరివాళ్లం మనమే మొదలుపెట్టాలి.