ఆ కొండ ఎందుకంత చిన్నది?

మా హాల్లో చాన్నాళ్ళు ఒక జపాన్ కాలెండరు వేలాడుతూ వుండేది. అందులోని బొమ్మ మీరూ చూసే వుంటారు: పులిగోళ్ళలా నురగ చాపిన పెద్ద అల, దాని కింద మూడు పడవలు. సంవత్సరం గడిచిపోయినా తీసెయ్యడానికి మనసొప్పలేదు. ఒకరోజు మా చిన్నమ్మాయి, "అల కింద ఆ కొండేమిటమ్మా?" అంది. చూద్దును కదా, అన్నాళ్ళూ నేను మరో అల అనుకున్నది ఫ్యూజీ పర్వతం! పన్నెండు వేల అడుగులు దాటిన కొండ, బొమ్మలో మాత్రం బొటనవేలంత.

అంత కొండని అంత చిన్నది చెయ్యడానికి హోకుసాయ్‌కి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఆయన 1760లో యెడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, పుట్టాడు. జపాన్ పాతకాలపు బొమ్మల్లో దూరంగా వున్నదాన్ని పైన వేసేవారు. దూరమైనంత మాత్రాన చిన్నదైపోవాలని లేదు. దూరం పెరిగేకొద్దీ వస్తువు తగ్గాలన్న పాశ్చాత్యుల లెక్క డచ్చి వర్తకులు తెచ్చిన బొమ్మల్లోంచి అక్కడికి చేరింది. (మన బందరులో వ్యాపారం పెట్టిన డచ్చివాళ్ళే లెండి!)

హోకుసాయ్ 1803 ప్రాంతంలో ఒక పెద్ద అల వేశాడు. రెండేళ్ళకి మరొకటి. ఈ రెండోదానికి చుట్టూ దొరల పటాల్లోలాగా చట్రం గీసి, సంతకం కూడా వాళ్ళ రాతలా అడ్డంగా చేశాడు. కొత్త విద్య నేర్చిన ఉబలాటం! కానీ ఆ అలలు బండరాళ్ళలా బిగుసుకుని వుంటాయి. మనం ఎక్కడో మెరక మీద క్షేమంగా నిలబడి చూస్తున్నట్టుంటుంది.

తర్వాత జీవితం ఆయన్ని బాగానే వంచింది. 1828లో భార్య పోయింది. మనవడు చేసిన అప్పులు నెత్తిన పడ్డాయి. విడాకులైన కూతురు ఓయి తండ్రి దగ్గరికే వచ్చేసింది. ఆవిడా చిత్రకారిణే, భర్త వేసిన బొమ్మల్ని చూసి నవ్వేదట, మరి ఆ కాపురం నిలుస్తుందా! తండ్రీకూతుళ్ళకి వంటా పట్టదు, ఊడుపూ పట్టదు. చెత్త పేరుకుంటే ఇల్లు మారిపోయేవారట. ఆయన తన జన్మలో 93 ఇళ్ళు మారాడని చెబుతారు.

డెబ్బయ్యేళ్ళు దాటాక, 1831 ప్రాంతంలో, ఆ పాత అలనే మళ్ళీ చేతికెత్తుకున్నాడు. ఈసారి నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతని బాగా కిందికి దించాడు. దాంతో మెరక మీదున్న మనం వచ్చి పడవవాళ్ళ పక్కన పడ్డాం. అల తలమీదికి లేచింది. దాని వంపులోంచి, ఎక్కడో దూరంగా, కొండ. ఇంకో తమాషా, ముందున్న చిన్న అలని అచ్చం ఫ్యూజీ ఆకారంలోనే తీర్చాడు. కాబట్టి నా పొరపాటులో నా తప్పు సగమే!

ఈ దిద్దుబాట్లన్నీ అచ్చుకి ముందే అయిపోవాలి. గీసిన పల్చటి కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, ఆ గీతల వెంబడే చెక్కుతారు. అసలు బొమ్మ చెక్కపొట్టుతో పాటే పోతుంది. మన పెడనలో అచ్చుని బట్టమీద ఒత్తుతారు. అక్కడ చెక్కకి రంగు పూసి, దానిమీద కాగితం పరిచి రుద్దుతారు. రంగురంగుకీ వేరే చెక్క. మాకు నయం, ప్రూఫుల్లోనైనా ఒక వాక్యం కొట్టెయ్యొచ్చు. ముప్ఫై ఏళ్ళు మోసిన గీతని ఆయన ఏ ధైర్యంతో చెక్కేవాడి చేతిలో పెట్టాడో!

ఇదంతా చెబితే మా అమ్మాయి శ్రద్ధగా విని, "మరి ఆ పడవలవాళ్ళు ఒడ్డుకి చేరారా?" అంది. యెడోకి చేపలు చేరవేసే వేగం పడవలవి. తెడ్లమీద వంగినవాళ్ళు పడవకి ఎనిమిదిమంది.

చేరారనే చెప్పాను.