నిర్దేశం ఒకటి, అమలు అనేకం: జావా లైసెన్సుల చరిత్ర

బతుకమ్మ చీరల కొలత, నాణ్యత ప్రభుత్వం నిర్ణయిస్తే, సిరిసిల్లలో వేర్వేరు మరమగ్గాలవారు నేశారు. సాఫ్ట్‌వేర్‌లో ఏపీఐ నిర్దేశం ఇలాంటిదే: ఏ ఆదేశానికి ఏ ఫలితం రావాలో చెబుతుంది, కోడ్ ఎవరికి వారు రాసుకోవచ్చు. మరి ఆ కోడ్‌కు గుర్తింపు ఎవరివ్వాలి?

2005లో అపాచీ సంస్థ జావాకు స్వతంత్ర రూపంగా 'హార్మనీ'ని ప్రారంభించింది. అనుగుణ్యతను నిరూపించే పరీక్షల లైసెన్సులో, వాడకాన్ని కొన్ని పరికరాలకే పరిమితం చేసే షరతును సన్ సంస్థ పెట్టింది. ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చనే అపాచీ లైసెన్సుకు అది విరుద్ధం. 2007లో అపాచీ బహిరంగ లేఖ రాసినా ఫలితం లేకపోయింది. 2011లో హార్మనీ ఆగింది.

సన్‌ను కొన్న ఒరాకిల్, ఆండ్రాయిడ్‌లో జావా ఏపీఐ వాడినందుకు 2010లో గూగుల్‌పై దావా వేసింది. అది సముచిత వినియోగమేనని 2021లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఏపీఐకి కాపీరైట్ వర్తిస్తుందా అన్నది తేల్చలేదు. నిర్దేశాన్ని చదివే స్వేచ్ఛ, అమలుచేసే స్వేచ్ఛ, గుర్తింపు పొందే హక్కు వేర్వేరని దీన్నిబట్టి గ్రహించాలి.